అఖండ దీపానికి నూనె పోసిన దంపతులు

(కుంభాభిషేక సన్నాహ సభలో ఆలయ అర్చకులు చేసిన ప్రసంగ పాఠం)





కుంభాభిషేకాన్ని గురించి ఆగమ విషయాలు నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యనిర్వాహక సంఘం వారు నన్ను కోరారు. తప్పక చెబుతాను. అయితే ఆ మాటలు ఒక వృద్ధ దంపతుల స్మృతితో ముడిపడి ఉన్నాయి. వారిని స్మరించకుండా ఈ మహోత్సవంలో ఒక్క కలశాన్నయినా ఎత్తడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ముందుగా ఆగమ విషయం. శివాలయంలో మనం దర్శించే మూర్తి చూపునకు ఒక్కటే అయినా తత్త్వంలో రెండు. పైకి నిలిచినది లింగం. దానిని ధరించినది పీఠం, మన వాడుకలో పానవట్టం. లింగం శివస్వరూపం, పీఠం శక్తిస్వరూపం. ఈ రెంటినీ కలిపి నిలిపేది అష్టబంధనం. లక్క, గుగ్గిలం, తేనెమైనం, వెన్న మొదలైన ఎనిమిది ద్రవ్యాలను కలిపి, గంటల తరబడి దంచి, ముద్ద చేసి, లింగానికీ పీఠానికీ నడుమనున్న సందులో నింపుతారు. అప్పటికి మెత్తగా ఉన్న ఆ ముద్ద కాలక్రమంలో రాయివలె గట్టిపడుతుంది. సంవత్సరాల తరబడి అభిషేక జలం తగలగా తగలగా మళ్ళీ బీటలు వారుతుంది. అందుచేతనే పన్నెండేళ్ళకొకసారి పాత బంధనాన్ని తొలగించి కొత్తది చేయడం సంప్రదాయమైంది. ఆ పనికి ముందు దేవతా కళను కుంభజలంలోనికి ఆకర్షించి, బాలాలయంలో నిలిపి, నిత్యపూజ లోపించకుండా జరుపుతారు. పనులు ముగిసిన తరువాత యాగశాలలో హోమాదులు నిర్వర్తించి, మంత్రపూతమైన కుంభజలాన్ని శిఖర కలశానికీ, మూలమూర్తికీ అభిషేకిస్తారు. ఇదే కుంభాభిషేకం.

మన స్వామి వారి బంధనం వదులైందని మొట్టమొదట గమనించినవాడిని నేను కాను. ప్రతిదినం ఆ మూర్తిని తాకే నా చేతులకు తెలియనిది, అంతరాళం ఇవతల నిలబడి చూసే ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి తెలిసింది. 2017లో ఒక సోమవారం అభిషేకం జరుగుతుండగా ఆయన నెమ్మదిగా, "పంతులుగారూ, నీరంతా గోముఖం గుండా రావడం లేదు. కొంత లోపలికే పోతున్నట్టుంది, ఒకసారి చూడండి" అన్నారు. చూశాను. నిజమే. మరుసటి నెల మొదటి వారంలో భార్యాభర్తలిద్దరూ వచ్చి, తమ ఒక నెల పింఛను మొత్తాన్ని తమలపాకులో పెట్టి, జీర్ణోద్ధరణకని నా చేతిలో ఉంచారు. రసీదు మీద ఏమి వ్రాయమంటారని అడిగితే, "ఒక భక్తుడు అని వ్రాయండి" అన్నారాయన. "ఒక భక్తుడేమిటి, ఇద్దరం వచ్చాంగా?" అన్నారావిడ. చివరకు "భక్తులు" అని వ్రాశాను. ఈ సంచికలోని దాతల పట్టికలో మొదటి పంక్తి అదే.

వారి పేర్లు ఇక్కడ చెప్పడం లేదు. విద్యుద్దీపం వెలుగు కంటె దాత పేరే పెద్దదిగా కనబడే కాలంలో, యాభై ఎనిమిదేళ్ళు దీపం వెలిగించి ఎక్కడా పేరు వ్రాయించుకోని వారు. పోయిన తరువాత వారి మాట జవదాటే అధికారం నాకు లేదు. మన ఊరిలో మేష్టారు గారు, అమ్మగారు అంటే పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. అది చాలు.

1961లో వారి వివాహం జరిగింది. ఆ సంవత్సరం వచ్చిన తొలి కార్తిక సోమవారం నుండి వారు ముఖమండపంలోని అఖండ దీపానికి నూనె తెచ్చేవారని మా నాన్నగారు చెప్పేవారు. 1983లో నాన్నగారి అనంతరం అర్చకత్వం నాకు సంక్రమించింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. వేదపాఠశాల నుండి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఆనాటి నుండి ముప్పై ఆరేళ్ళపాటు నేను స్వయంగా చూసినది మీకు మనవి చేస్తున్నాను. సోమవారం సంధ్యవేళ అమ్మగారి చేతిలో ఇత్తడి చెంబు ఉండేది. ఆమె నూనె పోసేవారు. ఆయన వత్తి ఎగదోసేవారు. వత్తి లావైందని ఆయన, సన్నమైతే గాలికి నిలవదని ఆవిడ, వారం వారం వాదించుకునేవారు. "ఆ పాఠాలన్నీ బడిపిల్లలకు చెప్పుకోండి" అని ఆవిడ అంటే, ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆదర్శ దంపతులంటే ఎన్నడూ మాట పట్టింపులు లేనివారని కొందరి భావన. నేను చూసిన ఆదర్శ దంపతులు మాత్రం ప్రతి సోమవారం దేవుడి ఎదుటే వాదించుకున్నారు. దీపం మాత్రం ఏనాడూ కొండెక్కలేదు.

1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. వసిష్ఠ గోదావరి గట్టు దాటి ఊరిలోనికి వచ్చింది. ముఖమండపంలో మోకాలి లోతు నీరు. అఖండ దీపం నుండి లాంతరు వెలిగించుకొని మేష్టారు గారు దానిని నెత్తిన పెట్టుకొని తమ డాబా మీదకు చేర్చారు. వెనుక అమ్మగారు నూనె డబ్బాతో నడిచారు. నీరు తీసేవరకు ఆ జ్యోతి వారి ఇంటనే ఉన్నది. పూర్వరాత్రి ఆవిడ, అపరరాత్రి ఆయన మేలుకొని ఉండేవారు. ఇద్దరూ ఒకేసారి కన్నుమూసిన రాత్రి ఆ రోజులలో ఒక్కటీ లేదు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. వారికున్న కొద్దిపాటి తోటలో నిలిచిన చెట్లను చేతివ్రేళ్ళ మీద లెక్కించవచ్చు. ఆ తరువాతి సోమవారం చెంబు వచ్చింది. అందులో నూనె సగమే ఉన్నది. "ఈ వారం ఇంతే బాబూ. తక్కిన సగం వచ్చే వారం కలిపి తెస్తాను" అన్నారు అమ్మగారు. వారి ఇబ్బంది ఎరిగిన నేను అక్కరలేదన్నాను. వచ్చే వారం చెంబున్నర నూనె వచ్చింది.

ఇక చెప్పవలసిన మాటకు వస్తాను.

2019లో, వికారి నామ సంవత్సర కార్తిక శుద్ధ నవమి నాడు, మేష్టారు గారు తమ ఎనభయ్యవ ఏట శివసాయుజ్యం పొందారు. పన్నెండు దినాల కర్మ శాస్త్రోక్తంగా జరిగింది. ఆ మాసంలో చివరి సోమవారం సంధ్యవేళ నేను దీపారాధనకు ఉపక్రమిస్తుండగా, సింహద్వారం వెలుపల ఎవరో నిలబడి ఉన్నట్టు కనబడింది. వెళ్ళి చూస్తే అమ్మగారు. తెల్లచీర, చేతిలో అదే ఇత్తడి చెంబు. గడప ఇవతలకు ఒక్క అడుగు కూడా వేయలేదు.

"బాబూ, నూనె తెచ్చాను" అన్నారు.

నేను, "అమ్మగారూ, ఏడాది తిరిగేవరకు తమరు లోపలికి రాకూడదు కదా. ఇలా ఇవ్వండి, నేను పోస్తాను" అన్నాను.

ఆమె మారు మాట్లాడలేదు. చెంబు నా చేతికిచ్చి, "వత్తి కొంచెం ఎగదోయండి. ఆయన అదే చూసుకునేవారు" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "ఇక్కడి నుంచి దీపం కనబడుతుందా బాబూ?" అని అడిగారు. ఆనాడు దీపపు గూడు ముఖమండపం దక్షిణపు గోడలో, స్తంభం చాటున ఉండేది. "కనబడదమ్మా" అన్నాను. ఆమె స్తంభం వైపే కొంతసేపు చూసి, నమస్కరించి వెళ్ళిపోయారు. పూజకు వేళ మించిపోతోందన్న తొందరలో నేను లోపలికి వచ్చేశాను.

మూడవనాడు పోలి స్వర్గం. ఊరి ఆడపడుచులు అరటిదొప్పలలో దీపాలు వదలడానికి చీకటితోనే రేవునకు వెళుతున్న వేళ అమ్మగారి కబురు వచ్చింది. నిద్రలోనే వెళ్ళిపోయారు. భర్త వెళ్ళిన ఇరవై రెండు రోజులకు.

పోలి కథ మీ అందరికీ తెలిసినదే. అత్తగారు చిన్న కోడలిని ఇంట వదిలి, తక్కిన కోడళ్ళతో నదికి వెళుతుంది. ఆ చిన్నది పెరట్లోని ప్రత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్నతో ఇంటిలోనే దీపం పెడుతుంది. ఆమె కోసం విమానం ఇంటి ముంగిటికే వచ్చిందని మన తల్లులు చెప్పుకుంటారు. ఆ కథను ప్రతి ఏటా ఈ మండపంలోనే నేను చెప్పాను. అందులో అత్తగారి స్థానం ఎవరిదో ఆనాటి వేకువన నాకు తెలిసింది.

ఊరు ఊరంతా ఆమెను కొనియాడింది. "ఎంత పుణ్యదంపతులు, ఒకరిని విడిచి ఒకరు ఉండలేకపోయారు" అన్నారు. సంతాప సభలో నేను కూడా అదే అన్నాను. అరుంధతీ వసిష్ఠులతో పోల్చాను. మన ఊరి పక్కన ప్రవహించే గోదావరి పాయ పేరే వసిష్ఠ గనుక ఆ పోలిక అందరికీ నచ్చింది. సభ ముగిసి ఇంటికి వచ్చిన తరువాత నాకు నిద్ర పట్టలేదు.

నా మాట వల్లనే ఆమె ప్రాణం పోయిందని నేను అనడం లేదు. ఆయుర్దాయం ఈశ్వరాధీనం. ఆమెకు డెబ్బై అయిదేళ్ళు; భర్త పోయిన నాటి నుండి ఆహారం సరిగా తీసుకోలేదని కోడలు చెప్పింది. మన ఊరి బిడ్డ, హృద్రోగ వైద్యుడుగా ఉన్న ఒక భక్తుణ్ణి తరువాత అడిగాను. జీవిత సహచరుడు గాని సహచరి గాని పోయిన తొలి మాసాలలో మిగిలిన వారికి ప్రాణాపాయం అధికమని పలు దేశాల వైద్యులు పరిశీలించి చెప్పారట. తీవ్రమైన దుఃఖాఘాతం వలన గుండె కండరం ఒక్కసారిగా బలహీనపడే స్థితిని 1990లో జపాను వైద్యులు వర్ణించి, ఆ సమయంలో గుండె ఆకారం అక్కడి జాలరులు ఆక్టోపస్‌లను పట్టే కుండను పోలి ఉంటుంది గనుక ఆ కుండ పేరే పెట్టారట. వయసు మళ్ళిన స్త్రీలలో అది ఎక్కువట. అమ్మగారికి అదే జరిగిందని చెప్పడానికి ఆధారం లేదు. అయితే ఆ వైద్యుడు చివర అన్న మాట నేను మరువలేను: "అటువంటి రోజుల్లో మందుకంటె ముందు మనిషి కావాలండీ."

ఆ రోజులలో ఆమెకు కావలసిన మనుషులలో నేను ఒకణ్ణి. నేను ఆచారం చెప్పి పంపాను.

ఆచారాన్ని తూలనాడడం నా ఉద్దేశం కాదు. అశౌచ నియమాలకు అర్థం ఉన్నది. దుఃఖంలో ఉన్న ఇంటికి కొంత ఏకాంతం, కొంత విశ్రాంతి కల్పించడం వాటి ప్రయోజనాలలో ఒకటి. కాని కర్మ ముగిసి శుద్ధి జరిగిన తరువాత కూడా ఒక వృద్ధురాలు స్వామిని చూడరాదని నేను గురుముఖతః చదివిన దానిలో నాకు ఎక్కడా కనబడలేదు. పెద్దలు అనగా విన్నాను, నేనూ అన్నాను, అంతే. నేను అధ్యయనం చేసిన తైత్తిరీయ శాఖలో పత్నిని పురుషుని ఆత్మలో అర్ధభాగమని చెప్పారు. పత్ని లేనివానికి యజ్ఞాధికారం లేదన్నారు. శ్రీరామచంద్రుడంతటివాడు అశ్వమేధంలో స్వర్ణసీతను పక్కన నిలుపుకోవలసి వచ్చింది. వివాహ సమయంలో ఈ మాటలన్నీ వధూవరులకు నేనే చెబుతాను. అట్లయితే యాభై ఎనిమిదేళ్ళ ఆ దీపారాధనలో సగం ఆనాడు సింహద్వారం వద్ద నిలబడి ఉన్నది. ఆ సగాన్ని నేను వెనుకకు పంపాను. పాత బంధనం విడినప్పుడు సలక్షణంగా ఉన్న పీఠాన్ని ఎవరైనా వీధిలో విడిచిపెడతారా?

ఇది చదువుతున్న మీలో జీవిత సహచరిని, సహచరుని పోగొట్టుకొని పదేళ్ళు, ఇరవై ఏళ్ళు గడిచినవారు ఉన్నారని నాకు తెలుసు. వెంట వెంటనే వెళ్ళిన దంపతులను మేము పొగిడినప్పుడల్లా మీ మనసు చివుక్కుమని ఉంటుంది. మీ అందరి ఎదుటా ఈ మాట చెబుతున్నాను. వెంట వెళ్ళడం పుణ్యానికి కొలమానం కాదు, నిలిచి ఉండడం ప్రేమకు కొరత కాదు. పాండురాజు వెంట మాద్రి వెళ్ళింది, కుంతి నిలిచింది. నిలిచిన కుంతి అయిదుగురినీ పెంచింది. మాద్రి బిడ్డలనూ తన బిడ్డలుగానే చూసింది. దశరథుడు పోయిన తరువాత కౌసల్య పద్నాలుగేళ్ళు కుమారుని కోసం ఎదురుచూసింది. వారి జీవితాలను ఎవరు తక్కువ చేయగలరు? అమ్మగారు కూడా వెళ్ళడానికి రాలేదు. సోమవారం గనుక నూనె పోయడానికి వచ్చారు. బ్రతకవలసిన పని ఆమెకు ఉన్నది. ఆ పనిని ఆమె చేతిలోనుండి తీసుకున్నది నేను.

అందుచేత ఈ జీర్ణోద్ధరణలో నేను మూడు కోరికలు కోరాను. ధర్మకర్తలు మూడింటినీ అంగీకరించారు.

మొదటిది స్థపతి గారిని కోరినది. అఖండ దీపాన్ని స్తంభం చాటు నుండి తప్పించి, ముఖమండపంలో అగ్నిదిక్కయిన ఆగ్నేయ మూలకు మార్చమన్నాను. ఆయన సింహద్వారం వద్ద నిలబడి, దారం పట్టి, చూపు కొలత వేసి గూడు కట్టారు. ఇప్పుడు గడప వెలుపల, వీధిలో నిలబడినవారికి కూడా దీపం కనబడుతుంది. ఏ కారణం చేతనైనా లోపలికి రాలేనివారు, రోగులు, కాళ్ళు రాని పెద్దలు, అక్కడి నుండే చూసుకోవచ్చు.

రెండవది నాకు నేను విధించుకున్నది. ఈ ఊరిలో ఏ ఇంట మరణం సంభవించినా, శుద్ధి అయిన మరునాటి నుండి మండలం రోజులు స్వామివారి తీర్థప్రసాదాలు ఆ ఇంటికి వెళతాయి. నేను గాని, మా అబ్బాయి గాని తీసుకువెళతాము. ఇచ్చి వచ్చేయడం కాదు. కొంతసేపు కూర్చుని, వారు భోజనం చేశారో లేదో అడిగి వస్తాము. ఇది ప్రారంభించి కొన్ని మాసాలయింది. మొదటి ఇంటిలో ఆ పెద్దాయన నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. అయిదవనాడు మాత్రం నేను వెళ్ళేసరికి అరుగు మీద నాకోసం పీట వేసి ఉంచారు.

మూడవది మీ అందరి సమక్షంలో జరగవలసినది. సంకల్ప పీటల మీద దంపతులు కూర్చుంటారు, అది విధి. కొత్త గూటిలోని దీపానికి నూనె పోయడానికి అటువంటి నియమం లేదు. కుంభాభిషేకం నాటి సాయంకాలం తొలి చెంబు నూనెను తోడు పోగొట్టుకొని ఒంటరిగా ఉన్న మన ఊరి పెద్దలు, స్త్రీలయినా పురుషులయినా, తమ చేతులతో పోస్తారు. రాదలచిన వారందరూ రండి. మేష్టారు గారి కుమారులు ఆ ఇత్తడి చెంబును ఆలయానికి సమర్పించారు. దాని మీద పేరు చెక్కించమని ఎవరూ కోరలేదు.

దాతలారా, మీరిచ్చిన ద్రవ్యంతో శిఖరం కొత్తదైంది, ప్రాకారం కొత్తదైంది, స్వామికీ అమ్మవారికీ బంధనం కొత్తది కాబోతున్నది. మీ పేర్లు శిలాఫలకం మీద ఉంటాయి, ఉండవలసినవే. దానితో పాటు ఒక్క మాట మనవి చేస్తాను. మీ వీధిలో ఇటీవల ఒంటరి అయిన ఇల్లు ఏదో మీకు తెలిసే ఉంటుంది. ఉత్సవానికి వచ్చే ముందు ఒకసారి ఆ గుమ్మం వద్ద ఆగండి. వారిని వెంటబెట్టుకొని రండి. సింహద్వారం వద్ద ఈసారి నేను ఎదురువచ్చి లోపలికి తీసుకువెళతాను.

ఆ పుణ్యదంపతుల ఆత్మలకు పార్వతీ పరమేశ్వరులు శాశ్వత శాంతిని ప్రసాదింతురు గాక. స్వామి నన్ను క్షమించుగాక.

స్వస్తి.